మ్యాపులో లేని కటాంగా: ఒక ప్రావిన్సు నాలుగైన లెక్క

ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల మీద ఏ వార్త చదివినా, కోబాల్ట్ ప్రస్తావన రాగానే 'కాంగోలోని కటాంగా' అన్న మాట తగులుతుంది. ఆ మాట పట్టుకుని దేశం అధికారిక పటంలో వెతికితే కటాంగా పేరుతో ప్రావిన్సే ఉండదు. 2015 జులైలో దాన్ని నాలుగు చేశారు. పేరు మాత్రం కంపెనీల బోర్డుల మీదా పాత నివేదికల్లోనూ జనం నోళ్ళలోనూ నిలిచిపోయింది. దాంతో ఎవరు ఏ కటాంగా గురించి మాట్లాడుతున్నారో తెలియని పరిస్థితి.

కాంగోలు రెండున్నాయి కాబట్టి ముందు ఒక మాట. ఇక్కడ చెప్పుకునేది కిన్షాసా రాజధానిగా ఉన్న కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం గురించి. బ్రజావిల్ రాజధానిగా ఉన్న పొరుగు దేశానికి దీంతో సంబంధం లేదు. కటాంగా ఈ దేశానికి ఆగ్నేయ మూలన, జాంబియా, అంగోలాల సరిహద్దులో, టాంగన్యీకా సరస్సు పడమటి ఒడ్డు దాకా పరుచుకుని ఉండేది. విస్తీర్ణం 4,96,877 చదరపు కిలోమీటర్లు. అంటే దాన్ని ఏలిన బెల్జియం లాంటి దేశాలు పదహారు పడతాయి అందులో.

ఇప్పుడా నేల మీద ఉన్న నాలుగు ప్రావిన్సుల్లో ఓ-కటాంగా ఒకటి. ఫ్రెంచిలో 'ఓ' అంటే ఎగువ. దీని రాజధాని లుబుంబాషి, విస్తీర్ణం 1,32,425 చదరపు కిలోమీటర్లు. దానికి పడమర కోల్వెజి రాజధానిగా లువలబా, 1,21,308. ఉత్తరాన కమీనా రాజధానిగా ఓ-లోమామి, 1,08,204. ఈశాన్యంలో సరస్సు ఒడ్డున కలేమీ రాజధానిగా టాంగన్యీకా, 1,34,940. నాలుగూ కూడితే పాత అంకె సరిగ్గా వస్తుంది. అంటే పక్క ప్రావిన్సుల నుంచి ముక్క తెచ్చి కలపడం గానీ, ఇక్కడి ముక్క తీసి అటు ఇవ్వడం గానీ జరగలేదు. గీతలన్నీ లోపలే గీశారు, అవి కూడా చాలావరకు పాత జిల్లాల హద్దుల వెంబడే.

పైపైన చూస్తే ఇది పరిపాలనా సౌలభ్యం కోసం చేసిన విభజన. కానీ ఇక్కడ గీత ఎక్కడ పడితే గనుల కంపెనీలు కట్టే రాయల్టీ డబ్బు అక్కడ ఆగిపోతుంది. అసలు చిక్కంతా అక్కడుంది. అది అర్థం కావాలంటే పేరు వెనక ఉన్న పాత తగాదాలు కాస్త తెలియాలి.

ప్రభుత్వం కన్నా ముందు కంపెనీ

ఇక్కడివాళ్ళు రాగిని కరిగించి కూడిక గుర్తు ఆకారంలో పోతపోసేవారు. ఆ రాగి శిలువలు వర్తకంలో డబ్బులాగా చెల్లేవి. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆ వర్తకం మీద పట్టు సంపాదించి బుంకెయా కేంద్రంగా యెకే రాజ్యాన్ని నడిపినవాడు మ్సిరి. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ జెండా ఒప్పుకోనందుకు 1891 డిసెంబర్ 20న ఆ రాజు తరఫున వచ్చిన స్టెయిర్స్ దండయాత్రలోని ఒక అధికారి అతన్ని కాల్చి చంపాడు. ఆ ఘర్షణలోనే ఆ అధికారీ పోయాడు.

ఆ తరువాత వచ్చింది మామూలు వలస పాలన కాదు. 1900లో పెట్టిన 'కటాంగా ప్రత్యేక కమిటీ'లో మూడింట రెండు వంతులు రాజ్యానివి, ఒక వంతు ప్రైవేటు కంపెనీది. భూమి, గనుల హక్కులు ఆ కమిటీ చేతిలో ఉండేవి. 1906లో 'యూనియన్ మినియేర్ డ్యు ఓ-కటాంగా' అనే గనుల కంపెనీ పుట్టింది. 1910లో దక్షిణాన ఉన్న రొడీషియా వైపు నుంచి రైలు వచ్చింది, ఎలిజబెత్‌విల్ పట్టణం వెలిసింది. అదే ఇప్పటి లుబుంబాషి. 1911లో మొదటి రాగి కరిగింది. అదే 1910లో కటాంగాకు ప్రత్యేకంగా ఒక వైస్ గవర్నర్ జనరల్‌ని వేశారు. 1933లో ఆ ప్రత్యేక హోదా తీసేసి మిగతా ప్రావిన్సుల సరసన నిలబెట్టినప్పుడు ఇక్కడి తెల్లవాళ్ళకి మండింది. 'మా సంపద మాది, రాజధాని వాళ్ళకెందుకు' అన్న మాట ఆఫ్రికన్ నాయకుల కన్నా ముందు ఈ సెటిలర్ల నోటి నుంచే వచ్చింది. తరువాతి వాళ్ళు అందిపుచ్చుకున్నారు.

1960 మేలో ప్రావిన్సు అసెంబ్లీకి ఎన్నికలు జరిగాయి. ఈ ఘట్టం దగ్గర కొంచెం ఆగాలి. దక్షిణాన గనుల ప్రాంతంలో మొయీజ్ చోంబే పార్టీ కొనాకాట్‌కి బలం. ఉత్తరాన లూబా జనం ఎక్కువ ఉన్నచోట జేసన్ సెండ్వే నాయకత్వంలోని బలుబాకాట్‌కి బలం. 60 సీట్లలో కొనాకాట్‌కి వచ్చినవి 25, బలుబాకాట్ కూటమి దాదాపు దాని పక్కనే నిలిచింది. ప్రభుత్వం ఏర్పడాలంటే మూడింట రెండు వంతుల మంది సభలో హాజరు కావాలి. బలుబాకాట్ సభని బహిష్కరించింది. బెల్జియం పార్లమెంటు హడావిడిగా ఆ కోరం నిబంధనే మార్చేసింది. కొనాకాట్ ఒంటరిగా గద్దెనెక్కింది. జూన్ 30న కాంగోకి స్వాతంత్ర్యం వచ్చింది, జులై 11న చోంబే కటాంగాని వేరే దేశంగా ప్రకటించాడు. జెండా మీద మూడు రాగి శిలువలు.

ఉత్తర కటాంగా ఆ దేశాన్ని ఒప్పుకోలేదు. లూబా ప్రాంతాల్లో తిరుగుబాటు లేచింది. కాబట్టి 'కటాంగా విడిపోయింది' అన్న వాక్యం సగమే నిజం. విడిపోయింది ప్రధానంగా రాగి ఉన్న దక్షిణం. పాత పుస్తకాల్లో చాలావాటికి ఈ తేడా పట్టదు. 2015లో వచ్చిన ఉత్తర, దక్షిణ విభజన హఠాత్తుగా ఊడిపడింది కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ విడిపాటుకి తెర దించడానికి ఐక్యరాజ్యసమితి సేన మూడేళ్ళు పెనుగులాడింది, అందులో భారత సైన్యానిది పెద్ద పాత్ర. 1961 డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో విమానాశ్రయం వైపు వెళ్ళే దారిలో కాపు కాసిన కటాంగా బలగాల మీదికి కొద్దిమంది గూర్ఖా సైనికులతో దూసుకెళ్ళి ప్రాణాలర్పించిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకి పరమవీర చక్ర ఇచ్చారు. ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో పనిచేస్తూ ఆ పతకం పొందింది ఆయన ఒక్కరే. అదే నెలలో భారత వైమానిక దళం కాన్‌బెర్రా విమానాలు కోల్వెజి ఎయిర్‌ఫీల్డ్ మీద దాడి చేశాయి. 1963 జనవరిలో చోంబే లొంగిపోయాడు.

ఇది మొదటి విభజన కాదు

2015లో కటాంగాని తొలిసారి ముక్కలు చేశారని రాసేవాళ్ళున్నారు. అది తప్పు. 1962-63లోనే దేశం మొత్తాన్ని ఇరవై ఒక్క చిన్న ప్రావిన్సులుగా చీల్చారు. వాటికి ఫ్రెంచిలో ఎగతాళిగా 'ప్రొవాన్సెట్' అని పేరు, పిల్ల ప్రావిన్సులు అన్నట్టు. అప్పుడు కటాంగా మూడయింది: ఉత్తర కటాంగా, తూర్పు కటాంగా, లువలబా. 1966లో అధ్యక్షుడు మొబుటు వాటిని మళ్ళీ కలిపేశాడు. గనుల కంపెనీని 1967 మొదలయ్యేసరికి జాతీయం చేశాడు, అదే తరువాత జెకామిన్ అనే ప్రభుత్వ గనుల కంపెనీ అయింది. 1971లో దేశం పేరు జైర్ అని మార్చాక, కటాంగా పేరు కూడా తీసేసి షాబా అన్నాడు. స్వాహిలీలో షాబా అంటే రాగి. చోంబే వాసన వచ్చే పేరు వద్దని రాగి పేరు పెట్టడం వింతే. ఆ చోటు గురించి కిన్షాసాకి ఉన్న ఆసక్తి ఏమిటో దాపరికం లేకుండా చెప్పేసినట్టయింది. 1977, 1978లలో అంగోలా వైపు నుంచి వచ్చిన పాత కటాంగా సైనికుల దాడుల్ని చరిత్రలో 'షాబా యుద్ధాలు' అనేది అందుకే. 1997లో మొబుటుని దించిన లోరాన్-దెజిరే కబీలా పాత పేరు తిరిగి ఇచ్చాడు.

ఈ లోపు గనులు కుప్పకూలాయి. 1986లో ఏడాదికి 4,70,000 టన్నులు దాటిన జెకామిన్ రాగి ఉత్పత్తి, 1990లో కమోటో భూగర్భ గని కూలాక పడిపోతూ వచ్చి 1990ల మధ్యకి దాదాపు 30,000 టన్నులకి దిగింది. తిండి గింజలు కరువైన చోట పరాయివాళ్ళ మీద కోపం రావడం తేలిక. 1992-93లో తరతరాలుగా గనుల్లో, రైల్వేలో పనిచేసిన కసాయి ప్రాంతపు లూబా కుటుంబాల్ని రైళ్ళెక్కించి తరిమేశారు. వీళ్ళూ ఉత్తర కటాంగా లూబాలూ ఒకటి కాదన్నది ఇంకో తికమక.

రాజ్యాంగం చెప్పింది, అమలు తొమ్మిదేళ్ళకి

2006 ఫిబ్రవరి 18న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం రెండో అధికరణంలో కిన్షాసా నగరంతో పాటు 25 ప్రావిన్సుల పేర్లు రాసింది. ఆ జాబితాలో కటాంగా అన్న పేరు ఒంటరిగా లేదు. అంటే చట్టం దృష్టిలో కటాంగా అప్పుడే రద్దయింది, తేదీ మాత్రమే మిగిలింది. 226వ అధికరణం ప్రకారం కొత్త సంస్థలు కొలువుదీరిన 36 నెలల్లో విభజన జరగాలి. జరగలేదు. గడువు దాటాక, 2011 జనవరిలో రాజ్యాంగాన్నే సవరించి, ఎప్పుడు ఎలా చెయ్యాలో ఇంకో చట్టం చెబుతుందన్నారు. ఆ చట్టం 2015 ఫిబ్రవరి 28న వచ్చింది.

దేశం మొత్తం మీద పాత 11 ప్రావిన్సుల్లో ఆరింటిని చీల్చారు, ఐదింటిని కదపలేదు. ఎక్వటోర్ ఐదు, కటాంగా, ఒరియాంటల్ నాలుగేసి, బందుందు, తూర్పు కసాయి మూడేసి, పడమటి కసాయి రెండు అయ్యాయి. చీలినవి 21, కదలనివి 5. మొత్తం 26.

చట్టం ప్రకారం జరగాల్సింది ఇదీ: ప్రతి కొత్త ప్రావిన్సుకీ ఒక కమిషన్ వేసి ఉద్యోగులు, భవనాలు, వాహనాలు, అప్పుల జాబితా రాయించాలి. పాత అసెంబ్లీ సభ్యుల్ని వాళ్ళ నియోజకవర్గం ఏ ప్రావిన్సులో పడిందో చూసి పంచాలి. ఆ చిన్న అసెంబ్లీ గవర్నర్‌ని ఎన్నుకోవాలి. మొదటి తడబాటు అక్కడే. ఎన్నికల సంఘం చేతిలో డబ్బూ లేదు, వ్యవధీ లేదు. రాజ్యాంగ న్యాయస్థానం 2015 సెప్టెంబర్‌లో తాత్కాలిక ఏర్పాట్లు చెయ్యమని ప్రభుత్వానికి చెప్పింది. దాన్ని ఆసరా చేసుకుని అక్టోబర్ 29న అధ్యక్షుడు జోసెఫ్ కబీలా కొత్త ప్రావిన్సులకి 'ప్రత్యేక కమిషనర్ల'ని వేశాడు. వికేంద్రీకరణ పేరుతో మొదలైన పని కిన్షాసా నియమించిన మనుషుల చేతిలోకి వెళ్ళింది. 2016 మార్చి 26న గవర్నర్ల ఎన్నిక జరిగింది గానీ, ఓటేసిన అసెంబ్లీ సభ్యులు ఎప్పుడో 2006లో గెలిచినవాళ్ళు. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు రావడానికి 2018 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది.

2007 నుంచి కటాంగా గవర్నర్‌గా ఉన్న మొయీజ్ కటుంబి 2015 సెప్టెంబర్ 29న రాజీనామా చేసి కబీలాకి ఎదురు తిరిగాడు. తొమ్మిదేళ్ళు కదలని చట్టం సరిగ్గా కటుంబి బలం పెరిగిన వేళ కదలడం యాదృచ్ఛికం కాదని అప్పట్లో చాలామంది అన్నారు. ఆ అనుమానం నిరాధారమని నేననను. అయితే విభజన ఆలోచన కటుంబి కన్నా పాతది. రాజకీయం ముహూర్తాన్ని మాత్రమే నిర్ణయించింది.

వంద డాలర్ల కోబాల్ట్

గీత ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాం. 2018 మార్చిలో సవరించిన గనుల చట్టం ప్రకారం రాగి మీద రాయల్టీ 3.5 శాతం. ఆ ఏడాది చివర్లో కోబాల్ట్‌ని 'వ్యూహాత్మక ఖనిజం' అని ప్రకటించడంతో దాని మీద 10 శాతం. వసూలైన దాంట్లో సగం కేంద్రానికి, 25 శాతం గని ఉన్న ప్రావిన్సుకి, 15 శాతం గని ఉన్న స్థానిక సంస్థకి, 10 శాతం భవిష్యత్ తరాల నిధికి.

వంద డాలర్ల కోబాల్ట్ అమ్మితే రాయల్టీ పది డాలర్లు. అందులో కేంద్రానికి 5, ప్రావిన్సుకి 2.50, స్థానిక సంస్థకి 1.50, నిధికి 1. అదే వంద డాలర్ల రాగి అయితే ప్రావిన్సుకి వచ్చేది 87 సెంట్లు, స్థానిక సంస్థకి 52. పాత చట్టంలోనూ 25, 15 శాతాల వాటాలు ఉన్నాయి. కానీ డబ్బంతా ముందు కిన్షాసా ఖజానాకి చేరి, అక్కడి నుంచి తిరిగి రావాల్సి ఉండేది. వచ్చేది తక్కువ, ఆలస్యం ఎక్కువ. కొత్త పద్ధతిలో కంపెనీ నేరుగా ప్రావిన్సు ఖాతాలోనూ స్థానిక సంస్థ ఖాతాలోనూ జమ చేస్తుంది. దీంతో గని గీతకి ఇటు పడిందా అటు పడిందా అన్నది కోట్ల డాలర్ల ప్రశ్న అయిపోయింది.

ఇక్కడ 'స్థానిక సంస్థ' అంటే ఏమిటో తెలియకపోతే లెక్క తప్పుతుంది. ప్రావిన్సు కింద టెరిటరీలుంటాయి, కానీ టెరిటరీ కేవలం ప్రభుత్వ కార్యాలయం, దానికి సొంత ఖజానా లేదు. సొంత ఖజానా ఉన్నవి నగరాలు, వాటిలోని కమ్యూన్లు, గ్రామీణ ప్రాంతంలో సెక్టారులు, సంప్రదాయ దొరల ఏలుబడిలోని షెఫెరీలు. 15 శాతం వీటికి వెళ్తుంది. గని రెండు షెఫెరీల హద్దు మీద పడితే వాటా ఎవరిదన్న పంచాయితీ మొదలవుతుంది.

ఈ పంపకంలో బాగా లాభపడింది లువలబా. కోల్వెజి చుట్టుపక్కల కమోటో, ముటాండా గనులు, 2021లో ఉత్పత్తి మొదలైన కమోవా-కకులా, లుబుడి టెరిటరీలోని టెంకే-ఫుంగురుమే అన్నీ దాని హద్దుల్లో పడ్డాయి. ఓ-కటాంగాకి దక్కినవి లుబుంబాషి చుట్టూ ఉన్న పాత గనులు, కిపుషి, కిన్‌సెవేరే, లికాసీ, కంబోవే ప్రాంతం. అమెరికా అణుబాంబుకి యురేనియం ఇచ్చిన షింకొలొబ్వే కూడా ఇటే. శతాబ్దం పాటు పెద్దన్నగా ఉన్న లుబుంబాషి చేతిలో విశ్వవిద్యాలయం, కంపెనీల ప్రధాన కార్యాలయాలు, విమానాశ్రయం మిగిలాయి. ఖనిజంలో కొవ్వు ముక్క కోల్వెజికి పోయింది.

లుబుంబాషి దగ్గర ఇంకొకటి కూడా మిగిలింది, గేటు. కోల్వెజిలో లోడైన లారీ దక్షిణాఫ్రికా రేవులకో దార్-ఎస్-సలాంకో పోవాలంటే మామూలు దారి లికాసీ మీదుగా లుబుంబాషికి, అక్కడి నుంచి జాంబియా సరిహద్దులోని కసుంబలేసాకి. కోల్వెజి, లుబుంబాషిల మధ్య దాదాపు 300 కిలోమీటర్లు, అక్కడి నుంచి సరిహద్దుకి ఇంకో 90. రాయల్టీ లువలబాకి వెళ్తుంది, ఆ బరువుకి నలిగేది మాత్రం సగానికి పైగా ఓ-కటాంగా రోడ్డు. ఒకే ప్రావిన్సుగా ఉన్నప్పుడు ఇది ఇంట్లో సర్దుబాటు. ఇప్పుడు రెండు ప్రభుత్వాల మధ్య బేరం. కోల్వెజి నుంచి డిలోలో మీదుగా అంగోలాలోని లోబిటో రేవుకి పోయే రైలు మార్గం మీద లువలబా అంత ఆశ పెట్టుకోవడానికి ఇదొక కారణం. ఆ మార్గంలో ఓ-కటాంగా తగలదు.

ఉత్తరానికి ఏం మిగిలింది

ఓ-లోమామి, టాంగన్యీకా ప్రావిన్సులకి రాగి లేదు. కమీనాలో రైలు జంక్షనూ బెల్జియం వాళ్ళు కట్టిన సైనిక స్థావరమూ ఉన్నాయి, ఉపెంబా పల్లపు నేలల్లో చేపలున్నాయి. కలేమీలో సరస్సు రేవు ఉంది. మనోనోలో ఒకప్పుడు తగరం తవ్వారు, ఇప్పుడు అక్కడి లిథియం మీద ప్రపంచం కన్ను పడింది. కానీ గవర్నర్, మంత్రులు, అసెంబ్లీ, సిబ్బంది ఖర్చు నాలుగు ప్రావిన్సులకీ ఉంటుంది. పేద ప్రావిన్సులకి అదే పెద్ద భారం.

రాజ్యాంగం దీన్ని ఊహించకపోలేదు. 175వ అధికరణం ప్రకారం జాతీయ ఆదాయంలో 40 శాతం ప్రావిన్సులవి, వసూలైన చోటే పట్టి ఉంచుకోవాలి. 181వ అధికరణం ప్రకారం వెనకబడిన ప్రావిన్సుల కోసం జాతీయ ఆదాయంలో 10 శాతంతో సమీకరణ నిధి ఉండాలి. 40 శాతాన్ని ఎప్పుడూ పట్టి ఉంచుకోనివ్వలేదు. కిన్షాసాయే వసూలు చేసి తన ఇష్టం వచ్చినంత పంపుతుంది. సమీకరణ నిధి ఏళ్ళ తరబడి కాగితం మీదే ఉండిపోయింది. విభజన చట్టంలో ఒక సగం అమలై, దాన్ని నిలబెట్టాల్సిన డబ్బు సగం అమలు కాలేదు. ఉత్తరానికి జరిగిన నష్టం గీత వల్ల కన్నా దీనివల్లే ఎక్కువ.

ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి. కలేమీ మనిషికి ఇదివరకు ప్రావిన్సు స్థాయి సంతకం కావాలంటే లుబుంబాషి పోవాలి, రోడ్డు సరిగా లేని చోట్ల అది రోజుల ప్రయాణం. ఇప్పుడు ఆ సంతకం ఊళ్ళోనే దొరుకుతుంది. మనోనో, మిత్వాబా, ప్వేటోల మధ్య 'మృత్యు త్రికోణం' అని పేరుపడిన ప్రాంతం మాత్రం కొత్త గీతతో రెండు ప్రావిన్సుల మధ్య చీలింది. మనోనో టాంగన్యీకాలో పడితే, మిగతా రెండూ ఓ-కటాంగాలో పడ్డాయి. అక్కడ తిరిగిన సాయుధ ముఠా పేరు 'బకటా కటాంగా'. స్వాహిలీలో 'కటా' అంటే కొయ్యి, కటాంగాని దేశం నుంచి కోసెయ్యాలని వాళ్ళ ఉద్దేశం.

పాత కాగితంలో కటాంగా కనిపిస్తే

ముందు కాగితం మీద ఏడాది చూడాలి. 1933 తరువాతది, 1947కి ముందుది అయితే ప్రావిన్సు పేరు ఎలిజబెత్‌విల్ అని ఉండవచ్చు. మొబుటు కాలంలో 1971 తరువాత నుంచి 1997 దాకా షాబా. 1963, 1966ల మధ్య అయితే మూడు ముక్కల్లో ఏదో ఒకటి. అప్పటి లువలబా ప్రావిన్సునీ ఇప్పటి లువలబానీ ఒకటే అనుకుంటే పొరపాటు. పేరు ఒకటే, హద్దులు వేరు. లువలబా అసలు ఒక నది పేరు, కాంగో నది ఎగువ భాగం.

తరువాత టెరిటరీ పేరు వెతకాలి. ఇదే నమ్మదగిన ఆధారం, ఎందుకంటే విభజనలో 22 టెరిటరీలూ చెక్కుచెదరకుండా ఏదో ఒక ప్రావిన్సులోకి వెళ్ళాయి. కంబోవే, కసెంగా, కిపుషి, మిత్వాబా, ప్వేటో, సకానియా ఓ-కటాంగావి. డిలోలో, కపంగా, సందోవా, లుబుడి, ముట్షట్షా లువలబావి. బుకామా, కబోంగో, కమీనా, కనియామా, మలెంబా-న్కులు ఓ-లోమామివి. కబాలో, కలేమీ, కొంగోలో, మనోనో, మోబా, న్యున్జు టాంగన్యీకావి. టెరిటరీ లేకుండా జిల్లా పేరు మాత్రమే ఉంటే కూడా దాదాపు సరిపోతుంది. కోల్వెజి దగ్గర జాగ్రత్త: అది పాత లువలబా జిల్లాలో భాగం కాదు, విడిగా ఉండేది. 2015లో రెండూ కలిసి లువలబా ప్రావిన్సు అయ్యాయి. అంకెల పట్టికల్లో కోల్వెజిని మర్చిపోతే గనులున్న ప్రావిన్సుకి గనులే లేనట్టు వస్తుంది.

ఓ-లోమామి చూసి లోమామి అనుకోకూడదు. ఉత్త లోమామి కూడా ప్రావిన్సే, కానీ అది పాత తూర్పు కసాయి నుంచి వచ్చింది. 'టాంగన్యీకా' అని మాత్రమే ఉంటే అది సరస్సా, ఈ ప్రావిన్సా, లేక ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగపు పాత పేరా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. కంప్యూటర్ డేటాలో సీడీ-కేఏ అన్న కోడ్ ఉంటే పాత కటాంగా. కొత్తవి సీడీ-హెచ్‌కే, సీడీ-ఎల్‌యూ, సీడీ-హెచ్‌ఎల్, సీడీ-టీఏ. ఒక కోడ్ స్థానంలో నాలుగు వచ్చాయి గనక నేరుగా మార్చెయ్యడం కుదరదు, వరసవారీగా టెరిటరీ చూసి పంచాల్సిందే.

జనాభా అంకెలు వాడేవాళ్ళకి ఇంకో మాట. కాంగోలో చివరిసారి జనాభా లెక్కలు తీసింది 1984లో. ఓ-కటాంగాకి ఇంత, లువలబాకి ఇంత అని ఎక్కడ ఏ అంకె కనిపించినా అది అప్పటి నుంచి పెంచుకుంటూ వచ్చిన అంచనాయే. ఆ 1984 పట్టికలో ఈ ప్రాంతం షాబా అన్న పేరు కింద ఉంటుంది.